కిన్నెర ఎవరిది?



1980 దశకం ఆరంభంలో శ్రీశైలం జలాశయం నిండుతున్నప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న పురాతన దేవాలయాలను కాపాడాలని పురావస్తు శాఖవారు పెద్ద శ్రమకు పూనుకున్నారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విప్పి, తరలించి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. మెచ్చుకోదగిన పని. అయితే ఆ నీళ్ల కిందికి పోయినవి గుళ్లు మాత్రమే కావు. కొల్లాపురం వైపు, అలంపురం వైపు ఊళ్లకు ఊళ్లు పోయాయి. ఊళ్లతోపాటు ఏ చేనుకు ఏ పేరు, ఏ చెట్టు కింద ఏ పంచాయితీ, నాట్లకు ఏ వరుస పాట, కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు ఏ అప్పగింతల పాట అన్న తెలివిడి కూడా చెల్లాచెదురైంది. దానిని విప్పి మరొకచోట పేర్చే విద్య ఏ శాఖకూ లేదు. రాయి ఎక్కడ పెట్టినా రాయే. పాట మాత్రం పాడేవాళ్లూ వినేవాళ్లూ ఒకచోట ఉన్నంత కాలమే పాట.

ఇలా చేతితో ముట్టుకోలేని ఆస్తికి కూడా విలువ ఉందని ప్రపంచం ఆలస్యంగానే గుర్తించింది. 2003లో యునెస్కో దీనికోసం ఒక ఒడంబడిక తెచ్చింది. 2005లో మన దేశం అందులో చేరింది. మాటలు, పాటలు, ఆటలు, పండుగలు, చేతిపనుల నేర్పు, ఇవన్నీ ఒక సమూహానికి ‘మేము ఫలానావాళ్లం’ అన్న ఎరుకనిస్తాయని ఆ ఒడంబడిక సారాంశం. బాగానే ఉంది. కాని ‘మేము’ అంటే ఎవరు? ఆ మాటలో ఎవరెవరు ఇముడుతారు, ఎవరు గుమ్మం బయట నిలబడతారు? ఈ వారం మీతో కలిసి ఆలోచించదలచింది ఇదే.

ముందుగా ఒక సంగతి. కోడేరు మండలంలో 1945 ప్రాంతంలో పుట్టిన ఒక ముసలాయనను ఊహించుకోండి. ఆయన పుట్టినది నిజాం రాజ్యంలో. 1948లో అది భారతదేశంలో కలిసింది. 1956లో ఆయన ఆంధ్రప్రదేశ్ వాడయ్యాడు. 2014లో తెలంగాణ వాడయ్యాడు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు మహబూబ్‌నగర్ పోయి నాగర్‌కర్నూలు వచ్చింది. ఇంత జరిగినా ఆయన తన ఇంటి అరుగు మీదనుంచి లేవనే లేదు! ‘తాతా, మీదే జిల్లా?’ అని అడగండి. ‘పాలమూరు’ అంటాడు. మహబూబ్‌నగర్ అన్న పేరు కూడా 1890లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద పెట్టినదే. అంటే నూట ముప్పై ఏళ్లకు పైగా కాగితం మీద రాయని పేరు జనం నోట బతికి ఉంది. దానిని కాపాడమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఒక ప్రాంతానికి చెందడం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. సరిహద్దు గీసేది ప్రభుత్వం, పేరు పట్టుకునేది జనం.

ఇక కిన్నెర దగ్గరకు వద్దాం. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు, తేనెమైనంతో అతికించిన మెట్లు. మన వైపు పన్నెండు మెట్ల కిన్నెర ప్రసిద్ధం. ఇది నిన్నమొన్నటిది కాదు. పదమూడవ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు రాసిన బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య కథ ఉంది. పాలమూరు పల్లెల్లో దీనిని వాయించినవారు డక్కలివారు. దొరల గాదెలు కొట్టి పేదలకు పంచాడని చెప్పుకునే పండుగ సాయన్న కథను ఊరూరా ఈ కిన్నెర మీదనే వినిపించారు. పుస్తకం ఎరుగని జనానికి అన్యాయమంటే ఏమిటో, దానికి ఎదురు నిలవడమంటే ఏమిటో నేర్పిన బడి ఇదేనంటే అతిశయోక్తి కాదు.

ఆ బడి పంతులు ఎక్కడ నిలబడేవాడు? ఇక్కడే అసలు చిక్కు ఉంది. డక్కలివారు మాదిగల మీద ఆధారపడి బతికిన కులం. మాదిగల గోత్రాలు, వంశాలు, జాంబపురాణం చెప్పి వారి దగ్గర త్యాగం అనే కట్టుబడి దానం తీసుకునేవారు. ఊరు మాదిగలను వెలుపల ఉంచింది. మాదిగవాడ డక్కలివారిని ఇంకా వెలుపల ఉంచింది. అంటరానివాడికి కూడా అంటరానివాడు! ఊరి జ్ఞాపకమంతా ఎవరి కంఠంలో ఉందో అతడికి ఊరిలో అడుగు పెట్టే చోటు లేదు. ఇలాంటివారి వాద్యాలనూ కథలనూ వెతికి, సేకరించి లోకానికి చూపడానికి ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు ఏళ్ల తరబడి పల్లెలు తిరగవలసి వచ్చింది.

మన నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యగారి సంగతి మీలో చాలామందికి తెలుసు. తెలంగాణ వచ్చాక ఆయన గురించి బడి పుస్తకంలో పాఠం పెట్టారు. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో ఆయన గొంతు వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ‘మా పాలమూరు కిన్నెర’ అని అందరం సంబరపడ్డాం. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివార్లలో కూలి పని చేసుకుంటున్నారన్న వార్త పత్రికల్లో వచ్చింది. ఆ తరువాత ఇంటి స్థలం పత్రాలు అందాయని చదివాం. ఇందులో ఎవరి తప్పెంత అన్న లెక్క తీయడం నా ఉద్దేశం కాదు. నన్ను ఆపింది వేరే సంగతి. పాలమూరు మనిషి కూలికి పోవడం కొత్తా? బొంబాయి, పుణె మేడలు లేపింది పాలమూరు కూలీలే. అది వార్త కాదు. పద్మశ్రీ ఉన్న మనిషి కూలికి పోవడం వార్త అయింది. అంటే, మనం ఆ కిన్నెరను మనదనుకున్నంత తొందరగా ఆ మనిషిని మనవాడనుకోలేదన్నమాట. వస్తువు ఇంట్లోకి వచ్చింది, తెచ్చినవాడు వాకిట్లోనే ఆగాడు.

ఒక కఠినమైన ప్రశ్న అడుగుతాను. డక్కలి పిల్లవాడు బడికి పోయి ఉద్యోగస్థుడైతే కిన్నెర ఆ ఇంట్లో ఆగిపోతుంది. బడి మాని కిన్నెర పట్టుకొని ఊళ్లు తిరిగితే కిన్నెర నిలుస్తుంది. మనం ఏది కోరుకోవాలి? ‘కళ నిలవాలి’ అనేవారు ముందు తమ కొడుకును బడి మాన్పించి చూపించాలి. మరి కళ పోవలసిందేనా? అదీ కాదు. వీణ నేర్చుకున్న అమ్మాయి డాక్టరు అవుతోంది. వీణ చచ్చిపోలేదు. ఎందుకంటే వీణకు ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, జీతం తీసుకునే గురువు ఉన్నాడు, పరీక్ష ఉంది, కచేరి ఉంది. వీణ వాయించేవారు బీదగా ఉంటేనే వీణ బతుకుతుందని ఎవరూ అనరు. కిన్నెరను మాత్రం ఇన్నాళ్లూ ఆకలే పోషించింది. ఆకలి తీరితే కళ పోతుందని మనం దిగులు పడుతున్నామంటే, ఆ కళకు మనం వేరే ఆధారం ఏదీ చూపలేదని ఒప్పుకున్నట్లే.

సంప్రదాయమన్నదంతా కాపాడవలసినదేనన్న మాట కూడా నేను అనను. ఈ పాలమూరు జాతరలలోనే జోగిని ఆట ఉండేది. అదీ సంప్రదాయమే అన్నారు, అదీ గ్రామదేవత ఆచారమే అన్నారు. పసిపిల్లను దేవతకు ఇచ్చామని చెప్పి ఊరికి ఇచ్చేవారు. 1988లో చట్టం చేసి నిషేధించవలసి వచ్చింది. యునెస్కోవారి ఒడంబడిక కూడా మానవ హక్కులకు విరుద్ధమైనది ఏదీ కాపాడవలసిన వారసత్వం కాదని స్పష్టంగా చెబుతుంది. కాబట్టి పాతది అన్న ఒక్క కారణంతో ఏదీ పవిత్రం కాదు. ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. తేలనిది డప్పు.

డప్పు గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, మన కుటుంబాలకు దగ్గర విషయం గనుక. మన విచారణలలో పెద్దవాళ్లు చాలామంది జ్ఞానస్నానంతోపాటు డప్పును కూడా విడిచారు. శవం ముందు కొట్టాలి, దున్నపోతు బలి ముందు కొట్టాలి, పటేలు చెప్పిన దండోరా వేయాలి. కూలి లేదు, వద్దనే హక్కు లేదు. అది వెట్టి. ఆ డప్పును అటక మీద పడేసిన రోజు వాళ్లకు పండుగ రోజు. ఈనాడు ఆ పెద్దలను ‘మీరు మన సంస్కృతిని వదిలేశారు’ అని తప్పు పట్టే చదువుకున్న కుర్రవాళ్లను చూస్తే నాకు నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. వాళ్లు వదిలింది సంస్కృతిని కాదు, మెడ మీది కాడిని. అయితే అదే డప్పు తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం వేదికల మీదికి వచ్చింది. నిన్నటిదాకా సిగ్గుగా ఉన్నది ఒక ప్రాంతానికే గొంతు అయింది. తోలు అదే, దెబ్బ అదే. ఏమి మారింది? కొట్టాలా వద్దా అన్నది కొట్టేవాడి చేతికి వచ్చింది. అంతే మారింది.

దీనిని మన పరిశుద్ధ గ్రంథంలోనే చూడవచ్చు. 137వ కీర్తన గుర్తు చేసుకోండి. బాబిలోను నదుల ఒడ్డున చెరపట్టబడిన యూదులు కూర్చొని ఏడుస్తారు. వారి వాద్యాలను చెట్లకు తగిలించారు. ఆ వాద్యం పేరు హెబ్రీ భాషలో కిన్నోర్. మన కిన్నెరకూ దానికీ పేరులో ఉన్న పోలిక ముచ్చటగా ఉంటుంది. చుట్టరికం ఉందని మాత్రం నేను వాదించను. చెరపట్టినవారు వచ్చి మీ ఊరి పాట ఒకటి పాడండి అని వినోదానికి అడుగుతారు. వారు పాడరు. పాట మరచిపోయి కాదు, గొంతు లేక కాదు. అడిగినవారి దగ్గర ఆ పాట పాటగా ఉండదు, ఆటబొమ్మ అవుతుంది. విచిత్రమేమంటే, పాడమని నిరాకరించిన ఆ మాటే పాటగా మారి రెండువేల అయిదువందల ఏళ్లుగా దేవాలయాలలో పాడబడుతోంది. పాడనని చెప్పగలిగినవారి పాట అది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. సంప్రదాయం ఎవరైనా ఎంచుకుంటారా? తల్లిని ఎంచుకోం, మాతృభాషను ఎంచుకోం. అన్నీ ఇష్టం వచ్చినప్పుడు పట్టుకొని ఇష్టం వచ్చినప్పుడు వదిలేసేవాడు చివరికి దేనికీ చెందడు కదా? న్యాయమైన ఆక్షేపణే. సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వీనాసువారి ‘సుమ్మా’లో ఒక ప్రశ్న మీద చాలాసేపు వాదించుకొనేవాళ్లం. రెండవ భాగపు రెండవ ఖండంలో నూట ఒకటవ ప్రశ్న అది. దేవుని తరువాత మనం తల్లిదండ్రులకూ పుట్టిన దేశానికీ ఋణపడి ఉంటామని, ఆ ఋణం తీర్చడాన్ని ఒక సద్గుణంగా ఎంచాలని ఆయన బోధ. పుట్టుక, పెంపకం వారి నుండి వచ్చాయి గనుక. మన పెద్దలు దేవఋణం, పితృఋణం అన్న మాటలు వాడారు. ఆలోచన దగ్గరదే. ఎంచుకోని ఋణం ఉంటుంది, అది నిజమే.

కాని ఒక్క సంగతి మరువరాదు. వెట్టివాడిని కట్టేసింది కూడా ‘ఋణం’ అన్న మాటతోనే. తాత తీసుకున్న పది రూపాయలకు మనవడు జీతం ఉండేవాడు. 1976లో వెట్టి నిర్మూలన చట్టం వచ్చేదాకా అది న్యాయంగానే చలామణి అయింది. మరి ఈ రెండు ఋణాలకూ తేడా ఏమిటి? పునీత తోమాసువారు చెప్పే ఋణంలో పొందినవాడు ఇవ్వాలి. వెట్టి ఋణంలో ఇచ్చినవాడే ఇంకా ఇవ్వాలి. ఈ కొలతతో కిన్నెరను చూడండి. ఇన్ని తరాలు పాట విన్నది ఊరు. కథ పొందినది ఊరు. తన పేరు తాను గుర్తు పెట్టుకోగలిగింది అతడి వల్ల. అలాంటప్పుడు ఋణపడినది డక్కలివాడా, ఊరా? కళను నిలబెట్టవలసిన బాధ్యత మీదే అని ఆయన పిల్లలకు చెబుతున్న మనం అప్పులవాణ్ణి పట్టుకోవలసినచోట అప్పిచ్చినవాణ్ణి పట్టుకుంటున్నాం.

పాలమూరు నుంచి వలసపోయినవాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. ఈ కథ చాలా పాతది. బొంబాయిలో కామాటిపుర అన్న పేటకు ఆ పేరు వచ్చినది మన వైపు నుంచి పోయిన కామాటి కూలీల వల్లనే. గుంపు మేస్త్రీ చేతి నుంచి ముందు డబ్బు తీసుకొని, ముల్లె కట్టుకొని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి పోయినవాళ్లు లేని వాడ మన పల్లెల్లో తక్కువ. ఒకసారి క్రిస్మసు పండుగకు పుణె నుంచి వచ్చిన ఒక కుటుంబంలో పన్నెండేళ్ల పాప తన అవ్వను పాట పాడమని అడిగింది, సెల్‌ఫోన్‌లో పట్టుకుంటానని. అవ్వ కొంచెం బిగుసుకుంది. నన్ను చూసి, “నాట్లప్పుడు పాడుతుంటిమి ఫాదర్. పాడకపోతే నడుమిరుగుతుండె. ఊకె కూసోని ఎట్ల పాడుదు?” అంది. చదువురాని ఆ తల్లి ఒక్క ముక్కలో చెప్పినదానికి పెద్ద పుస్తకాలు కావాలి. ఆ పాట అలంకారం కాదు, పనిముట్టు. కొడవలి లాంటిది, తట్ట లాంటిది. నాటు యంత్రం వచ్చాక పాట పోతుంది. నడుము నొప్పి కూడా పోతుంది. నొప్పి ఉంచి పాట నిలబెట్టమని ఏ న్యాయమూ అడగజాలదు. అయినా ఆ పాప మళ్లీ అడిగింది. చివరకు అవ్వ మనవరాలిని పక్కన వంగి నిలబడమంది, తాను కూడా వంగింది, అప్పుడు పాట వచ్చింది. మరాఠీ బడిలో చదివే ఆ పిల్లకు సగం మాటలు తెలియలేదు. కాని వంగిన నడుముకు పాట ఎందుకు కావాలో తెలిసింది. ఆమె పాలమూరు పిల్లా, పుణె పిల్లా? రెండూ అంటే తప్పేమిటి?

ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వేయ్ 1943లో, యుద్ధకాలంలో, వేర్లు అన్న విషయం మీద ఒక పుస్తకం రాసింది. ఆమె మరణించాక 1949లో అచ్చయింది. అన్నం, నీరు లాగే వేరూనడం కూడా మనిషి ఆత్మకు అవసరమని ఆమె వాదం. అందులోనే ఒక హెచ్చరిక ఉంది. వేర్లు తెగినవారు ఇతరుల వేర్లు తెంపుతారని. ఆ మాట నాకు ఈ మధ్య తరచుగా గుర్తుకు వస్తోంది. శ్రీశైలం వెనుక జలాల నుంచి కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక మన వైపు వరి పెరిగింది. నాట్లకు మనుషులు చాలక బీహారు, బెంగాలు వైపు నుంచి కూలీలు వస్తున్నారు. పంపుసెట్టు కొట్టాల్లో పడుకుంటారు. సాయంత్రం వాళ్ల భాషలో పాడుకుంటారు. వాళ్ల గురించి మనవాళ్లు మాట్లాడే తీరు వింటే, ఒకప్పుడు బొంబాయిలో ‘పాలమూరు లేబర్’ అని మన తాతలను పిలిచిన గొంతే వినిపిస్తుంది. ఐగుప్తులో మీరు పరదేశులుగా ఉన్నారు గనుక పరదేశిని బాధించవద్దని మోషే ధర్మశాస్త్రం పదేపదే చెప్పింది. పదేపదే ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, పరదేశిగా బాధపడినవాడు ఆ బాధను గుర్తుంచుకుంటాడన్న హామీ లేదు. ప్రాంతాభిమానం మంచిదే. అది వచ్చేవాడిని ‘నీవెవరు’ అని అడగడానికి కాక ‘అన్నం తిన్నావా’ అని అడగడానికి పనికి రావాలి. పీర్ల పండుగకు అలాయి ఆడేటప్పుడు ఎవరిది ఏ మతమని అడగని ఊళ్లు ఇవి. ఆ గుణం కూడా వారసత్వమే. బతుకమ్మకు, బోనాలకు 2014లో రాష్ట్ర పండుగ హోదా వచ్చింది. ఈ గుణానికి హోదా ఇచ్చే జీవో ఏదీ ఉండదు.

చివరగా ఒక చిన్న సంగతి. మన వైపు ఒక ఉపవిచారణలో పండుగ ఊరేగింపుకు డప్పు పెట్టాలని యువకులు అడిగారు. పెద్దలు ససేమిరా అన్నారు, కారణం పైన చెప్పినదే. కొన్నాళ్లకు వాళ్లలోనే ఒక పెద్దాయన మెత్తబడి వచ్చాడు. “కొడతం. గాని బ్యాండోళ్లకు ఎంత ఇస్తరో మాకంత ఇయ్యాలె. బయానా ముందుగాల ఇయ్యాలె. అన్నం బంతిల కూసోని తింటం, గిన్నెలు తెచ్చుకోం” అన్నాడు. కమిటీలో ఒకరు, మనవాళ్లే కదా, సేవగా కొట్టకూడదా అన్నారు. బ్యాండు మేళంవారిని ఆ మాట ఏనాడూ ఎవరూ అడిగినట్లు లేదు. రెండు రోజులు చర్చ నడిచింది. బయానా ఇచ్చారు. ఊరేగింపు వాడ నుంచి బజారు మీదుగా, పాత పటేలు ఇంటి ముందు నుంచి పోయింది. కొట్టినవారిలో ఇంటర్ చదివే పిల్లవాడు ఒకడు మరునాడు పరీక్ష ఉందని సగంలోనే డప్పు పక్కవాడి చేతికిచ్చి ఇంటికి పోయాడు. మిగిలినవారు గుడి దాకా కొట్టారు.